సైటు తెరుచుకోకపోతే ప్రివాక్సీని ఆపెయ్యకండి

(స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రుల కూడికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ స్క్రీను మీద చిన్న చిన్న అక్షరాలు చదవాల్సి వస్తుంది, అక్కణ్నుంచి కనబడవు.

ప్రివాక్సీ, అంటే బ్రౌజర్‌కీ సైట్లకీ మధ్య ప్రాక్సీగా నిలబడి ప్రకటనల్లాంటివి ఆపే ప్రోగ్రాం, ఎలా పెట్టుకోవాలో చెప్పమని పిలిచారు. పెట్టుకోవడం అరగంట పని. అది చెప్తాను. కానీ ఎక్కువసేపు మాట్లాడాలనుకుంటున్నది ఆ తర్వాతి సంగతి. పెట్టిన వారం పది రోజుల్లో ఏదో ఒక సైటు తెరుచుకోదు. ఇంట్లోవాళ్లు "నువ్వేదో పెట్టావు, అప్పట్నుంచీ నెట్ సరిగ్గా రావట్లేదు" అంటారు. అప్పుడు మనం ఏం చేస్తాం? బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "నో ప్రాక్సీ" నొక్కేస్తాం. సైటు వస్తుంది, పనైపోతుంది. మళ్లీ ప్రాక్సీ ఎవరు పెడతారు? ఎవరూ పెట్టరు. ప్రివాక్సీ మాత్రం ఆ కంప్యూటర్లో నడుస్తూనే ఉంటుంది, దాని గుండా ఒక్క పేజీ కూడా పోదు.

అందుకని ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకటే. సైటు ఆగినప్పుడు ఎందుకు ఆగిందో ప్రివాక్సీనే అడగండి. అది చెప్తుంది. ఏ ఫైలులో ఏ రూలు వల్ల ఆపిందో చూపిస్తుంది. ఆ ఒక్క రూలుకి, ఆ ఒక్క సైటుకి మినహాయింపు రాసుకుంటే చాలు. మిగతా ఫిల్టరంతా అలాగే పనిచేస్తూ ఉంటుంది.

కొత్తవాళ్లున్నారు కాబట్టి ముందు ఇదేమిటో రెండు మాటలు. 1990ల ద్వితీయార్ధంలో ఇంటర్నెట్ జంక్‌బస్టర్ అని ఒక ప్రోగ్రాం ఉండేది. ప్రకటనల్నీ కుకీల్నీ ఆపే చిన్న ప్రాక్సీ. దాని కోడ్ మీద కట్టిందే ప్రివాక్సీ. 3.0 వెర్షన్ 2002లో వచ్చింది. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు. మీ బ్రౌజర్ ఏ పేజీ కావాలన్నా నేరుగా సైటుకి పోకుండా ముందు దీనికి చెప్తుంది. ఇది ఆ కోరికనే ఆపేయగలదు, లేదా పంపేటప్పుడు హెడర్లని, అంటే కోరికతో పాటు వెళ్లే వివరాల్ని, మార్చగలదు, లేదా తిరిగొచ్చిన పేజీలోనే మార్పులు చేయగలదు. పేజీల్ని దాచిపెట్టి మళ్లీ ఇవ్వడం, అంటే క్యాష్ చేయడం, దీని పని కాదు. ఇది పెడితే నెట్ స్పీడు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు వరసలో అడుగుతున్నారు, "బ్రౌజర్లో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని. మంచి ప్రశ్న. యూబ్లాక్ ఆరిజిన్ ఉంచుకోండి, దయచేసి తీసేయొద్దు. అది పేజీ లోపలే ఉంటుంది కాబట్టి చాలా విషయాలు ప్రివాక్సీ కంటే బాగా పట్టుకుంటుంది. కానీ అది ఆ ఒక్క బ్రౌజర్‌కే. మీ మెయిల్ ప్రోగ్రాం సంగతేమిటి? ఎక్స్‌టెన్షన్లు ఎక్కని పాత టాబ్లెట్ సంగతేమిటి? పైగా ఎక్స్‌టెన్షన్‌కి ఎంత అధికారం ఇవ్వాలో బ్రౌజర్ తయారుచేసేవాళ్ల చేతిలో ఉంటుంది. క్రోమ్‌లో మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త ఎక్స్‌టెన్షన్ నియమాలు వచ్చాక ఇలాంటివాటి అధికారం ఎలా తగ్గిందో మీకు తెలుసు. ప్రివాక్సీ విడిగా నడిచే ప్రోగ్రాం. ప్రాక్సీ సెట్టింగ్ ఉన్న దేన్నైనా దీనికి తగిలించవచ్చు. ఇంకొకరు పై-హోల్ అన్నారు. అది డీఎన్‌ఎస్ దగ్గర, అంటే సైటు పేరుకి ఐపీ చిరునామా వెతికే చోట, ఆపుతుంది, సైటు పేరు మాత్రమే చూస్తుంది. హెడర్లని మార్చలేదు, పేజీ లోపలికి తొంగిచూడలేదు.

సరే, పెట్టుకోవడం. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో "ప్రివాక్సీ" అనే పేరుతోనే ప్యాకేజీ ఉంది, ఆప్ట్ కమాండుతో వేసుకోండి. వేసిన వెంటనే సర్వీసు మొదలవుతుంది. అది వినే చిరునామా 127.0.0.1, అంటే మీ కంప్యూటరే, పోర్టు 8118. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, అడుగున నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో మాన్యువల్ ప్రాక్సీ. హెచ్‌టీటీపీ ప్రాక్సీ దగ్గర ఆ చిరునామా, ఆ పోర్టు. కిందే "హెచ్‌టీటీపీఎస్‌కి కూడా ఇదే ప్రాక్సీ" అని చిన్న డబ్బా ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. ఈ టిక్ మర్చిపోతే ఏమవుతుంది? ఇవాళ దాదాపు ప్రతి సైటూ ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్సే. అంటే మీ ప్రివాక్సీకి పనే ఉండదు, మీరు మాత్రం అంతా ఫిల్టర్ అవుతోందనుకుంటారు.

ఇప్పుడు అడ్రసు పట్టీలో హెచ్‌టీటీపీ కోలన్, రెండు స్లాష్‌లు, పి డాట్ పి అని కొట్టండి. అంతే, పి డాట్ పి. ఆ పేరుతో ఇంటర్నెట్‌లో ఏ సైటూ లేదు. ప్రివాక్సీ గుండా వెళ్తుంటే ప్రివాక్సీయే ఆ పేరు పట్టుకుని తన సొంత పేజీ చూపిస్తుంది. ఆ పేజీ వచ్చిందా, మీ బ్రౌజర్ ప్రివాక్సీ గుండానే వెళ్తోంది. రాలేదా, వెళ్లట్లేదు. నన్నడిగితే అనుమానం వచ్చిన ప్రతిసారీ ఇదే మొదటి పరీక్ష.

కొందరికి అసలు సర్వీసే మొదలవ్వదు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూస్తే ఎర్రగా "ఫెయిల్డ్" అని ఉంటుంది. నేను చూసినంతలో రెండే కారణాలు. 8118 పోర్టు మీద ఇంకేదో కూర్చుని ఉండటం ఒకటి. రెండోది, కాన్ఫిగ్ ఫైలులో "లిజన్ అడ్రస్" వరస రెండుసార్లు ఉంటుంది, ఒకటి పాత రకం చిరునామాలైన ఐపీవీ4కి, ఒకటి కొత్త రకం ఐపీవీ6కి. మీ మెషీన్లో ఐపీవీ6 ఆపేసి ఉంటే ఆ రెండో చిరునామా దానికి దొరకదు. అది దొరక్కపోతే మొత్తం ప్రోగ్రామే ఆగిపోతుంది. ఆ వరస ముందు ఒక హ్యాష్ పెట్టి సర్వీసు మళ్లీ మొదలెట్టండి, చాలు.

ఫైళ్ల సంగతి త్వరగా చెప్తాను. ఈటీసీ కింద ప్రివాక్సీ ఫోల్డరులో ఉంటాయి. "కాన్ఫిగ్" అంటే ప్రోగ్రాం ఎలా నడవాలో. ఆ తర్వాత ఏ చిరునామాకి ఏం చేయాలో చెప్పే యాక్షన్ ఫైళ్లు మూడు: మ్యాచ్ ఆల్, డిఫాల్ట్, యూజర్. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ఇక నుంచీ నేను చెప్పబోతున్నదంతా దీనిమీదే నడుస్తుంది. మ్యాచ్ ఆల్ ముందు, డిఫాల్ట్ తర్వాత, యూజర్ చివర. ఒకే చిరునామాకి మూడు చోట్లా రూళ్లుంటే ఏది గెలుస్తుంది? చివర రాసింది గెలుస్తుంది. ఒకే ఫైలులోనైనా అంతే, కింద రాసిందే గెలుస్తుంది. మీరు చెయ్యి పెట్టాల్సింది యూజర్ డాట్ యాక్షన్ మీద మాత్రమే. డిఫాల్ట్‌ని మారిస్తే రేపు అప్‌గ్రేడ్‌లో మీ మార్పులు పోయే ప్రమాదం ఉంది.

ఆదిలాబాద్ సైటు ఎందుకు ఆగింది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. స్క్రీను మీద కనిపిస్తోందా? కొంచెం పెద్దది చేస్తాను.

ప్రకటనల సర్వర్ల పేర్లు తరచూ ఏ, డి అనే రెండక్షరాలతో మొదలవుతాయి. కాబట్టి సొంతంగా రూలు రాద్దామని కూర్చున్న ఎవరికైనా మొదట తట్టేది ఇదే: ఫ్లవర్ బ్రాకెట్లో ప్లస్ బ్లాక్, దాని కింద వరసలో ఏ, డి, స్టార్, డాట్. అంటే ఏ-డితో మొదలయ్యే సర్వర్లన్నీ బంద్. బాగుంది, ప్రకటనలు చాలా పోతాయి. ఇప్పుడు ఆదిలాబాద్ జిల్లా సైటు తెరుస్తున్నాను చూడండి. ఆదిలాబాద్ డాట్ తెలంగాణ డాట్ జీఓవీ డాట్ ఇన్.

ఇంగ్లిషులో ఆదిలాబాద్ ఏ అక్షరాలతో మొదలవుతుంది? ఏ, డి. ఆదోని? ఏ, డి. ఆ రూలుకి మన ఊళ్ల పేర్లు తెలియవు, రెండక్షరాలు కలిశాయా లేదా అంతే చూస్తుంది.

ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ ఏమంటోందో చదవండి. "ప్రాక్సీ సర్వర్ కనెక్షన్లను తిరస్కరిస్తోంది" అని అర్థం వచ్చేలా ఒక పేజీ. ఇది చదివితే మీకేమనిపిస్తుంది? ప్రివాక్సీ చచ్చిపోయింది అనిపిస్తుంది. టెన్షన్ పడి సర్వీసు రీస్టార్ట్ చేస్తారు, లాభం ఉండదు. అక్కడే ప్రాక్సీ తీసేస్తారు. కానీ ప్రివాక్సీ నిక్షేపంగా ఉంది. పక్క ట్యాబులో పి డాట్ పి తెరిచాను, వచ్చింది, చూశారా? మరి ఆ సందేశమెందుకు?

హెచ్‌టీటీపీఎస్ సైటుకి బ్రౌజర్ ప్రాక్సీతో "ఫలానా సర్వరుకి, 443 పోర్టుకి నన్ను కలుపు" అని మాత్రమే అంటుంది. దాన్ని కనెక్ట్ అంటారు. ఆ తర్వాత నడిచేదంతా అంటించిన కవరు. పైనున్న చిరునామా తప్ప లోపలేముందో ప్రివాక్సీకి కనబడదు. కలపనంటే ప్రివాక్సీ తన వివరణ పేజీ పంపుతుంది, కానీ ఆ దశలో ప్రాక్సీ పంపిన పేజీని బ్రౌజర్ చూపించదు. భద్రత కోసమే అలా చేస్తారు, అది సరైన పనే. ఫలితంగా మనకి కనబడేది బ్రౌజర్ సొంత సందేశం. క్రోమ్ ఇక్కడ కొంచెం నయం. ప్రివాక్సీ నిజంగానే నడవకపోతే "ప్రాక్సీ కనెక్షన్ ఫెయిల్డ్" అంటుంది. నడుస్తూ ఆపితే "టన్నెల్ కనెక్షన్ ఫెయిల్డ్" అంటుంది. ఆ ఒక్క మాట తేడా చూసుకోండి, సగం ఆరా అక్కడే తీరిపోతుంది.

సరే, ఆపింది. ఎందుకు ఆపింది? పి డాట్ పి పేజీలో "షో యూఆర్ఎల్ ఇన్ఫో" పేజీకి ఒక లింకు ఉంది. నొక్కి, డబ్బాలో ఆదిలాబాద్ చిరునామా పూర్తిగా పెట్టాను. ఏమొచ్చిందో చూడండి. ఒక్కో యాక్షన్ ఫైలు పేరు, దాని కింద ఈ చిరునామాకి తగిలిన రూళ్లు. మ్యాచ్ ఆల్‌లో కొన్ని మామూలు సెట్టింగులు. యూజర్ డాట్ యాక్షన్‌లో... ఇదిగో, ప్లస్ బ్లాక్, దాని కిందే ఏ, డి, స్టార్, డాట్. అన్నిటికీ అడుగున తుది ఫలితం, అక్కడ కూడా ప్లస్ బ్లాక్. ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రోగ్రాం చెప్తుంది?

బ్లాక్ మాట పక్కనే ఇంకో ఫ్లవర్ బ్రాకెట్లో కారణం రాసుకోవచ్చు. దయచేసి రాయండి. "ఏ-డితో మొదలయ్యే సర్వర్లు, నా రూలు" అని ఒక ముక్క రాసుంటే ఆరు నెలల తర్వాత ఇది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు మందు. ఆ రూలు కింద, గుర్తుందిగా, కింద, ఫ్లవర్ బ్రాకెట్లో మైనస్ బ్లాక్. తర్వాతి వరసలో డాట్ తెలంగాణ డాట్ జీఓవీ డాట్ ఇన్. ముందున్న ఆ డాట్ వదిలేయకండి. డాట్ ఉంటే ఆ పేరూ, దాని కిందుండే పేర్లూ అన్నీ వస్తాయి. లేకపోతే సరిగ్గా ఆ ఒక్క పేరే వస్తుంది, ఆదిలాబాద్ అందులోకి రాదు. సేవ్ చేశాను. రీస్టార్ట్ అక్కర్లేదు, ఫైలు మారిందని ప్రివాక్సీయే గమనిస్తుంది. ఒక్కోసారి రెండుసార్లు రీఫ్రెష్ చేయాలి. ఇదిగో, వచ్చింది.

మనం తీసింది బ్లాక్ ఒక్కటే. ఆ సైటుకి కూడా కుకీల రూళ్లు, ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే రిఫరర్ రూళ్లు అలాగే ఉన్నాయి. యూజర్ డాట్ యాక్షన్‌లో "ఫ్రాజైల్" అని ఒక తయారుగా ఉన్న మారుపేరు కనబడుతుంది, దాని కింద సైటు పేరు రాస్తే దాదాపు అన్నీ ఒకేసారి వదిలేస్తుంది. తొందరలో ఉంటే వాడండి, తప్పులేదు. కానీ అదే అలవాటైతే ఏడాది తిరిగేసరికి మీరు రోజూ వెళ్లే సైట్లన్నీ ఆ జాబితాలోనే ఉంటాయి. ప్రివాక్సీ ఇక ఎవరిని ఆపుతున్నట్టు?

ఇలాంటిదే ఇంకోటి త్వరగా చెప్తాను. చిరునామాలో సైటు పేరు తర్వాత వచ్చే దారి భాగానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల నమూనా, రాస్తాం. "ఎక్కడైనా ఏ, డి, ఎస్ వస్తే ఆపు" అని రాస్తే? అప్‌లోడ్స్ స్పెల్లింగు చివర చూడండి. ఏ, డి, ఎస్. డౌన్‌లోడ్స్ చివరా అంతే. వర్డ్‌ప్రెస్ సైట్లు మామూలుగా బొమ్మల్ని అప్‌లోడ్స్ అనే ఫోల్డరులోనే పెడతాయి. మన తెలుగు బ్లాగుల్లో, వెబ్ పత్రికల్లో ఎన్ని వర్డ్‌ప్రెస్ మీద ఉన్నాయో మీకు తెలుసు. అక్షరాలుంటాయి, బొమ్మలు ఒక్కటీ రావు. ఏ-డి-ఎస్‌కి ముందూ వెనకా స్లాష్ ఉండాలని రాస్తే ఈ గొడవే లేదు.

కవరు విప్పే ముందు

ఇప్పుడెవరో అడగాలి, "అంటించిన కవరు అన్నారు, మరి దారి భాగం ప్రివాక్సీకి ఎలా కనబడుతుంది?" అని. ఆ, అడిగారు. మామూలుగా కనబడదు. 2020లో వచ్చిన 3.0.29 వెర్షన్ నుంచి హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ అనే సదుపాయం ఉంది. అది పెట్టుకుంటే ప్రివాక్సీ ప్రతి సైటు పేరు మీదా అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్, అంటే సైటు అసలైనదేనని చూపే పత్రం, తయారుచేసి మీ బ్రౌజర్‌కి ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని నమ్మాలంటే మీరు తయారుచేసిన మూల సర్టిఫికెట్‌ని బ్రౌజర్‌లో ఎక్కించాలి.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇది చిన్న సంగతి కాదు. ఆ మూల సర్టిఫికెట్ తాళంచెవి, అంటే ప్రైవేట్ కీ, ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ బ్రౌజర్ ముందు ఏ సైటుగానైనా నిలబడగలరు. 2015లో బయటపడిన సూపర్‌ఫిష్ గుర్తుందా? లెనోవో లాప్‌టాప్‌లలో ప్రకటనల కోసం ముందే ఎక్కించి ఇచ్చిన ప్రోగ్రాం. అన్ని లాప్‌టాప్‌లకీ ఒకే కీ. ఒకదాన్నుంచి కీ బయటికి తీస్తే చాలు, ఆ ప్రోగ్రాం ఉన్న ఏ లాప్‌టాప్‌నైనా మోసం చేయొచ్చు. 2019లో కజకిస్తాన్‌లో ప్రభుత్వ సర్టిఫికెట్ పెట్టుకోమని జనానికి చెప్పారు. మొజిల్లా, గూగుల్, యాపిల్ మూడూ తమ బ్రౌజర్లలో దాన్ని ఆపేశాయి. మనం ఇంట్లో చేసేది సాంకేతికంగా అదే పని. తేడా ఏమిటి? కీ మన దగ్గరే ఉంటుంది, ఎవరి ట్రాఫిక్ విప్పుతున్నామో వాళ్లకి తెలుసు, వాళ్లు ఒప్పుకున్నారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇది పెట్టకండి. హాస్టల్లో, ఆఫీసులో, లైబ్రరీలో జనానికి చెప్పకుండా పెట్టడం తప్పు. గోప్యత పేరు చెప్పి ఇంకొకరి గోప్యత తీసేయడం అవుతుంది.

సొంత మెషీన్‌కి పెట్టుకుంటానంటారా, పెట్టుకోండి. ముందు పి డాట్ పి లో "షో స్టేటస్" పేజీ తెరిచి, హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ మీ ప్యాకేజీలో ఉందో లేదో చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంతో కీ, సర్టిఫికెట్ తయారుచేసుకోండి. కీ ఫైలు ప్రివాక్సీ యూజర్ తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్లు పెట్టండి. కాన్ఫిగ్‌లో సర్టిఫికెట్ చోటు, కీ చోటు, పాస్‌వర్డ్, తయారైన సర్టిఫికెట్లు దాచే ఫోల్డరు, నమ్మదగిన సంస్థల జాబితా ఫైలు చెప్పాలి. చివరిది చాలా ముఖ్యం. ఇక మీ బ్రౌజర్ అసలు సైటు సర్టిఫికెట్‌ని చూడదు, ప్రివాక్సీయే చూసి మంచిదో కాదో తేలుస్తుంది. ఆ జాబితా పాతదైతే మంచి సైట్లని కూడా అది నమ్మదు.

"అన్‌నోన్ ఇష్యూయర్" అని వస్తే బ్రౌజర్‌లో మూల సర్టిఫికెట్ ఎక్కలేదని అర్థం. ఫైర్‌ఫాక్స్‌కి సొంత జాబితా ఉంటుంది, అందులో "అథారిటీస్" కింద ఎక్కించండి. మూల సర్టిఫికెట్ మార్చాక కూడా అదే వస్తుంటే, దాచే ఫోల్డరులో పాత కీతో సంతకం చేసినవి ఇంకా ఉన్నాయన్నమాట. ప్రివాక్సీ వాటిని తనంతట తాను ఊడ్చదు, మీరే తుడిచేయాలి. ఇక ఫోన్లలో, ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు యూజర్ ఎక్కించిన సర్టిఫికెట్లని మామూలుగా నమ్మవు. దాంతో కుస్తీ పట్టకండి.

నా సలహా, అన్ని సైట్లకీ పెట్టకండి. మీరు విప్పి చూడాలనుకున్న కొన్ని సైట్ల పేర్లు రాసి వాటికే ప్లస్ హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ పెట్టండి. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ సేవలు ఆ జాబితాలోకి రానే కూడదు.

డబ్బు చెల్లించే పేజీల గురించి ఒక ప్రశ్న చీటీ వచ్చింది. "టికెట్ బుక్ చేస్తుంటే బ్యాంకు పేజీ రాకుండానే మళ్లీ బుకింగ్ పేజీకే వస్తోంది" అని. ఇన్‌స్పెక్షన్ పెట్టి ఉన్నారు కదూ? ఊఁ, పెట్టారట. ఫాస్ట్ రీడైరెక్ట్స్ అనే యాక్షన్ కూడా ఆన్‌లో ఉందేమో చూడండి. అది మంచి యాక్షనే. మీరు ఎక్కడికి వెళ్తున్నారో లెక్కపెట్టుకోడానికి మధ్యలో ఇంకో సర్వరు మీదుగా తిప్పుతారు కదా, ఆ చిరునామా లోపలే అసలు గమ్యం ఉంటుంది. ఈ యాక్షన్ దాన్ని పట్టుకుని నేరుగా అక్కడికే పంపేస్తుంది. కానీ చెల్లింపు పేజీ చిరునామాలో ఏముంటుంది? "డబ్బు కట్టాక వెనక్కి ఇక్కడికి పంపు" అని బుకింగ్ సైటు చిరునామా ఉంటుంది. ప్రివాక్సీ దాన్నే గమ్యం అనుకుని, డబ్బు కట్టకముందే వెనక్కి పంపేస్తోంది. ఆ చెల్లింపు సైటు ఒక్కదానికి మైనస్ ఫాస్ట్ రీడైరెక్ట్స్ రాయండి. అంతే. పైన చెప్పినట్టు, అసలది ఇన్‌స్పెక్షన్ జాబితాలోనే ఉండకూడదు.

సైటు చిరునామా ఏదో కూడా తెలియకపోతే? ఒక పేజీ ఇరవై చోట్ల నుంచి ముక్కలు తెచ్చుకుంటుంది, ఏ ముక్క ఆగిందో ఎలా తెలుస్తుంది? అప్పుడు లాగ్, అంటే ప్రివాక్సీ తన పనులు రాసుకునే ఫైలు. కాన్ఫిగ్‌లో డీబగ్ 1 పెడితే ప్రతి కోరికా రాస్తుంది. డీబగ్ 1024 పెడితే ఆపినవి, ఎందుకు ఆపిందో రాస్తుంది. కలిపి 1025 అని కూడా రాయొచ్చు. లాగ్ ఫైలు టెయిల్ కమాండుతో తెరిచి పెట్టుకుని పేజీ రీఫ్రెష్ చేయండి. "క్రంచ్, బ్లాక్డ్" అని ఉన్న వరసల్లో మీ దొంగ దొరుకుతాడు. ఆ చిరునామా తీసుకెళ్లి షో యూఆర్ఎల్ ఇన్ఫోలో పెట్టండి. దొరికాక లాగ్ ఆపేయండి. ఇది రెండోసారి చెప్తున్నాను, ఆపేయండి. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏ సైటుకి వెళ్లారో మొత్తం అందులో ఉంటుంది. గూగుల్‌కి తెలియకూడదనుకున్నది మన డిస్కు మీద పేరుకుపోతే ఏం లాభం?

ఫిల్టర్ల గురించి కొంచెం. పేజీ లోపలి మాటల్ని మార్చే రూళ్లు యూజర్ డాట్ ఫిల్టర్‌లో రాస్తాం. తెలుగు మాటలకీ రాయొచ్చు. ఫైలుని యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, మాట యథాతథంగా రాయండి, పనిచేస్తుంది. కానీ చదరపు బ్రాకెట్లో "అ లేదా ఆ" అని రాయకండి. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8 లో మూడు బైట్లు, ఇది బైట్లని చూసి పోలుస్తుంది, అక్షరాన్ని ముక్కలు చేసేస్తుంది. అలాంటి చోట గుండ్రటి బ్రాకెట్లో నిలువు గీత పెట్టి రెండు రూపాలూ విడిగా రాయండి. ఫిల్టర్ తగలాల్సిన చోట తగలకపోతే, పేజీ ప్రివాక్సీకి విప్పడం రాని పద్ధతిలో కుదించి వస్తోందేమో చూడండి. ఆ సైటుకి ప్రివెంట్ కంప్రెషన్ పెడితే తేలిపోతుంది. పేజీ ఒకేసారి ధబాలున వస్తోంది, ముందు ఖాళీగా ఉంటోంది అంటారు కొందరు. అదీ ఫిల్టర్ వల్లే. మార్చాలంటే ముందు మొత్తం పేజీ చేతికి రావాలి కదా.

ఇంట్లో అందరికీ పంచుకోవాలంటే లిజన్ అడ్రస్ దగ్గర మీ మెషీన్ లోకల్ చిరునామా పెట్టండి. దాంతోపాటు "పర్మిట్ యాక్సెస్" వరస కూడా రాయండి, ఉదాహరణకి 192.168.1.0 బై 24. ఆ వరస ఉంటే ఆ పరిధి బయటివాళ్లని రానివ్వదు. లిజన్ అడ్రస్‌కి 0.0.0.0, అంటే అన్ని వైపులా వినమని, పెట్టి, పర్మిట్ యాక్సెస్ లేకుండా, క్లౌడ్ సర్వరు మీద వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అలాంటి తలుపు తెరిచి ఉన్న ప్రాక్సీల కోసం వెతికేవాళ్లు ఉంటారు, వాళ్లు చేసే పనులన్నీ మీ చిరునామా మీద నమోదవుతాయి.

చివరి ప్రశ్న అక్కణ్నుంచి, చెప్పమ్మా. "ఇది పెడితే మన ఐపీ కనబడదా?" కనబడుతుందమ్మా. ప్రివాక్సీ ఐపీని దాచదు. సైటుకి మీ ఇంటి ఐపీయే వెళ్తుంది. బ్రౌజర్లో వీడియో కాల్స్‌కి వాడే వెబ్‌ఆర్‌టీసీ లాంటివైతే ప్రాక్సీని పట్టించుకోకుండా నేరుగా పోతాయి. ఐపీని దాచే టోర్ నెట్‌వర్క్‌కి తగిలించవచ్చు, కాన్ఫిగ్‌లో ఫార్వర్డ్ సాక్స్5టీ అని ఒక వరస, ఒక స్లాష్, 127.0.0.1, పోర్టు 9050, చివర ఒక డాట్. ఆ చివరి డాట్ లేకపోతే వరస చెల్లదు. టోర్ సర్వీసుకి 9050, టోర్ బ్రౌజర్‌కి 9150. "ఫార్వర్డింగ్ ఫెయిల్యూర్" అని వస్తే ముందు ఈ రెండు అంకెలూ చూసుకోండి, టోర్ నడుస్తోందో లేదో చూసుకోండి. ఒకప్పుడు టోర్‌తో పాటు ప్రివాక్సీని కలిపి ఇచ్చేవారు. ఇప్పుడు నిజంగా అజ్ఞాతంగా ఉండాల్సిన అవసరముంటే టోర్ బ్రౌజరే వాడమ్మా, మామూలు బ్రౌజర్‌ని ప్రివాక్సీ ద్వారా టోర్‌కి కలపొద్దు. మామూలు బ్రౌజర్ ఫాంట్లు, స్క్రీను కొలత, భాష లాంటివి కలిపి చూస్తేనే ఎవరో పోల్చుకోవచ్చు. డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ వాళ్లు 2010లోనే ఇది చేసి చూపించారు. అందుకే యూజర్ ఏజెంట్ హెడర్ మార్చే యాక్షన్ కూడా నేను వాడను. హెడర్‌లో ఒక బ్రౌజర్ పేరు, జావాస్క్రిప్ట్‌లో ఇంకో పేరు వస్తే గుంపులో కలిసిపోవడం పోయి ఇంకా తెలిసిపోతాం.

సరే, ఇక మీ లాప్‌టాప్‌లు తెరవండి. వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద ఉంది. ముందు పి డాట్ పి పేజీ ఎవరికి రాలేదో చెయ్యెత్తండి, వాళ్ల దగ్గర్నుంచి మొదలెడతాను.